బిలాసిని బుగ్గ జారింది

కటక్‌లోని ఆ వీధిలో బిలాసిని నోరు లేచిందే పెళ్లి, లేవకపోతే అది వట్టి భోజనాలు. శుభకార్యంలో ఆడవాళ్లు నాలుకలాడించి హుళహుళి కూస్తారు కదా, ఆవిడ ఎత్తుకుంటే బ్యాండువాళ్లు సిగ్గుపడి బాకాలు దించేసేవారు. తోడికోడలు ఝరణకి మాత్రం ఇరవయ్యేళ్లుగా కడుపుమంట. తన గొంతూ మంచిదేననీ, ఆవిడ కూతలో పడి కొట్టుకుపోతోందనీ.

ఆ ఝరణ కూతురు పెళ్లే పదిహేను రోజుల్లో ఉందనగా, ఒక పొద్దున్న బిలాసిని పుక్కిలిస్తే నీళ్లు ఎడమపక్కనుంచి వాటంతట అవే కారిపోయాయి. అద్దంలో చూస్తే సగం ముఖం జారిపోయి ఉంది.

"దిష్టే! ఆ ఝరణ దిష్టే!" అని ఇంటెడు మిరపకాయలు తగలబెట్టింది. అందరూ దగ్గారు గానీ ముఖం మాత్రం ఉలకలేదు, పలకలేదు.

డాక్టరు రక్తం చూసి చెప్పాడు. "షుగరు మూడొందలమ్మా. ఒక్కోసారి ఒక్క నరాన్నే పట్టుకుంటుంది. మీకు ముఖం నరం. కొన్ని నెలల్లో చాలావరకు సర్దుకుంటుంది."

"ఒళ్లంతా ఇన్ని నరాలుంటే దానికి నా నోరే దొరికిందా? మోకాలిది తీసుకోమనండి!"

"తీపి తింటారా?"

"ముట్టుకోను."

"నిజమే డాక్టరుగారూ, ముట్టుకోదు. రసగొల్లా చెంచాతో తింటుంది," అన్నాడు మొగుడు గదాధర్.

పెళ్లిరోజు రానే వచ్చింది. గుమ్మంలో పెళ్లికొడుకు, ఎదురుగా హారతి పళ్లెంతో ఝరణ. ఆడవాళ్లందరూ బిలాసిని వైపు తిరిగారు. తను ఎత్తుకుని పెంచిన పిల్ల పెళ్లి, ఎలా కాదంటుంది? నోరు తెరిచింది. ఫుస్సుమని గాలీ, తుంపర్లూ. పన్నీరు చల్లారనుకుని పెళ్లికొడుకు చేతులు జోడించాడు.

ఆవిడకి ఏడుపు తన్నుకొచ్చింది. మూతపడని ఆ ఎడమకన్ను ధారగా కారుతుంటే లోపలికి వెళ్లబోయింది.

"ఎక్కడికి అక్కా?" ఝరణ హారతి పళ్లెం పెళ్లికొడుకు చేతుల్లోనే పెట్టేసి, పరిగెత్తుకొచ్చి ఆ జారిన బుగ్గను అరచేత్తో పైకి నొక్కింది. "ఇప్పుడు కూయి."

"వదులే! ఇన్నాళ్లకి నీకు సందు దొరికింది, నువ్వే ఎత్తుకో."

"నీ వెనకాలైతేనే నా గొంతు బాగుంటుంది. నాకు తెలీదా ఏమిటి? కూయి!"

బిలాసిని కూసింది. మొదట వంకరగా, తర్వాత వీధంతా అదిరేలా. వెంటనే ఝరణ అందుకుంది. పెళ్లికొడుకు తన హారతి తానే పట్టుకుని బిక్కచచ్చి నిలబడ్డాడు. అతగాణ్ణి ఎవరూ పట్టించుకోలేదు. పెళ్లి పూర్తయ్యేదాకా ఝరణ చెయ్యి ఆ బుగ్గ మీదినుంచి దిగలేదు.