చేపల వాటా

నా చిన్నప్పుడు, డెబ్బైల చివర్లో, కాలిఫోర్నియాలో మా తెలుగు సంఘానికి సొంత మందిరం లేదు. ఒక అమెరికన్ చర్చి హాలు అద్దెకు తీసుకుని ఆదివారం మధ్యాహ్నాలు ఆరాధన చేసుకునేవాళ్లం. బాప్తిస్మం ఇవ్వడానికి అక్కడ లక్షణమైన తొట్టి ఉండేది. కానీ బాపట్ల నుంచి వచ్చిన మా అమ్మమ్మ ఒప్పుకుంటే కదా. తను కాలవలో మునిగింది కాబట్టి మనవరాలు కూడా పారే నీళ్లలోనే మునగాలని పట్టుబట్టింది.

మా సంఘంలో ఒక అంకుల్‌కి ఏటి పక్కన బాదం తోట ఉండేది. అక్కడే అనుకున్నారు. తీరా ముందురోజు వెళ్లి చూస్తే ఏట్లో పారేదేమీ లేదు. వంతెన కింద ఒక్క మడుగు మిగిలింది. అందులో చేపలు నోళ్లు పైకి పెట్టి గాలి కోసం కొట్టుకుంటున్నాయి. నాకు ఏడుపొచ్చింది. అంకుల్ మాత్రం ధీమాగా అమ్మమ్మతో, "దానిదేముంది పిన్నిగారూ, తోటకి ఏట్లోంచి తోడే పంపులన్నీ ఇప్పుడే ఆఫ్ చేసేస్తాను. రేపటికి కావలసినన్ని నీళ్లు" అన్నారు.

అన్నట్టే మర్నాడు ఏరు పారింది. నా నడుము దాకా వచ్చింది. పాస్టర్‌గారు నన్ను ముంచి లేపుతుంటే చేపలు నా కాళ్లకు రాసుకుంటూ పోవడం తెలిసింది. గట్టున అందరూ పాటలు పాడారు. భోజనాలయ్యాక అంకుల్ పంపులు ఆన్ చేయడానికి లేస్తే, అమ్మమ్మ ఆయన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"మా పిల్ల కోసం ఆపావు గదా నాయనా. ఆ చేపల కోసం ఆపలేవా?"

"చెట్లు చచ్చిపోతాయి పిన్నిగారూ. నాకున్నదల్లా ఈ తోటే."

"చెట్లకి పెట్టుకో, వద్దన్నానా? ఏరంతా వాటికే తాగించకు."

ఆయన లేచి, వంతెనకు దగ్గరగా ఉన్న పంపు తప్ప మిగతావి వేశారు. ఆ వేసవి మడుగు ఎండలేదు. ఆ పంపు మీద బతికే బాదం చెట్లు మాత్రం ఎండిపోయాయి. వాటిని పీకించేసి మళ్లీ నాటలేదు ఆయన. అంత మంచి నేల ఎందుకు వదిలేశారని ఎవరైనా అడిగితే, అది చేపల వాటా అనేవారు.

ఇప్పుడు అమ్మమ్మా లేదు, అంకులూ లేరు. నాకే మనవలొచ్చారు. పెరట్లో గడ్డికి నీళ్లు పెడుతూ కాస్త ఏమరుపాటున కుళాయి వదిలేశానా, ఆ చేపలు వచ్చి నా కాళ్లకు తగిలినట్టే ఉంటుంది. వెళ్లి కట్టేస్తాను.