దర్జీ తాత మంచంలో కండక్టర్

ఆఫీసులో అందరూ ఆవిణ్ణి దిండ్ల అక్క అంటారు. నేను వ్యాను నడుపుతాను, ఆవిడ వెనక సీటులో దిండ్ల మధ్య ఇరుక్కుని కూర్చుంటుంది. మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, రెండు గంటలకోసారి వాళ్ళను ఎలా పక్కకు తిప్పాలో, మోకాళ్ళ మధ్య దిండు ఎలా పెట్టాలో ఇంట్లోవాళ్ళకు నేర్పడం ఆవిడ పని. తిప్పకపోతే వీపు పుండు పడుతుంది. పదహారేళ్ళుగా మనుషులను తిప్పీ తిప్పీ ఆవిడ నడుమే పోయింది. "ఇంకెన్నాళ్ళక్కా?" అంటే, "నన్ను తిప్పేవాళ్ళు దొరికేదాకా" అంటుంది.

ఏ దిక్కూ లేనివాళ్ళ కోసం ఆఫీసు వెనక నాలుగు మంచాల గది ఉంది. కిటికీ పక్క మంచం దర్జీ తాతది, దాని పక్కది ఒకప్పటి బస్సు కండక్టర్‌ది.

మమ్మల్ని నడిపేది ఒక కుటుంబం. మిల్లు పెట్టి సంపాదించిన పెద్దాయన పోతూ పోతూ ట్రస్టు పెట్టాడు. ఇప్పుడు ఆయన భార్య, కొడుకు, కోడలు భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఎవరికి డబ్బివ్వాలో తేలుస్తారట. ఏడాదికోసారి పెద్దావిడే వచ్చి చూస్తుంది. చూసేదేమిటి, నా మొహం! నేరుగా దర్జీ తాత దగ్గరకే వెళుతుంది. మొదటిసారి వచ్చినప్పుడు, "మీ సంచి కుట్టింది ఎవరమ్మా ఆ మొనగాడు?" అని తాత వెక్కిరించాడు. ఆవిడ పడీ పడీ నవ్వింది. అప్పట్నుంచీ ఆవిడకు మేమంటే ఆయనే.

ఆ తాత నాలుగు నెలల క్రితం పోయాడు. పెద్దావిడ వస్తోందని పొద్దున ఫోను రాగానే మా సెక్రటరీకి చెమటలు పట్టాయి. తాత లేడని తెలిస్తే ట్రస్టు మమ్మల్ని వదిలేస్తుందని ఆయన భయం. వదిలేస్తే వ్యాను ఆగుతుంది. నలభై ఇళ్ళకు అక్క వెళ్ళదు.

"కండక్టర్‌ని కిటికీ మంచంలోకి మార్చండి. గోడవైపు తిప్పి పడుకోబెడితే సరి. ఆవిడకెలాగూ చూపు ఆనదు" అన్నాడు.

"అబద్ధమాడినా అతికినట్టుండాలండీ. తాతకి బట్టతల, ఈయనకి బోలెడు జుట్టు!" అన్నాను.

"నువ్వు నీ వ్యాను చూసుకో."

అక్క తిట్టిపోస్తుందనుకున్నాను. "కాళ్ళవైపు పట్టుకో, ఎత్తుదాం" అంది నాతో. పోట్లాడే ఓపిక కూడా లేదావిడకు. నాకు ఒళ్ళు మండింది, అయినా పట్టుకున్నాను. ఆ కండక్టర్‌ని మాత్రం మేమెవరమూ ఒక్క మాట అడగలేదు.

పెద్దావిడ కొడుకును వెంటబెట్టుకుని వచ్చి, స్టూలు మీద కూర్చుని, మంచంలో ఉన్నాయన భుజం మీద చెయ్యి వేసింది. "ఏమయ్యా దర్జీ, ఈసారి ఏం వంక పెడతావు?"

"నిద్రమందు వేశామండీ" అన్నాడు సెక్రటరీ.

గోడవైపు నుంచి గొంతు వచ్చింది. "దర్జీ పోయాడమ్మా. నేను పక్క మంచం కండక్టర్ని. మూడేళ్ళుగా వస్తున్నారు, నావైపు ఒక్కసారీ తిరగలేదు మీరు."

సెక్రటరీ తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు.

"ఇంత మోసమా! పదమ్మా, వెళదాం" అన్నాడు కొడుకు.

పెద్దావిడ లేవలేదు. అక్కవైపు తిరిగింది. "ఎలా పోయాడు?"

"వీపున ఒక్క పుండు లేకుండా పోయారమ్మా."

"మరి ఆ మాట నాకెందుకు రాయలేదు?"

"ఎక్కడ రాయమంటారు?" అక్క గొంతు పెరిగింది. "మీరు పంపే కాగితంలో 'కోలుకున్నవారు' అని ఒకటే గడి. మా దగ్గర కోలుకునేవాళ్ళెవరమ్మా? సున్నా వేస్తే ఇవ్వరని, కాసేపు కుర్చీలో కూర్చోగలిగినవాళ్ళందర్నీ అందులో వేస్తున్నాం. పోయినవాళ్ళకి గడి లేదు."

పెద్దావిడ కాసేపు ఆ భుజం మీదే చెయ్యి ఉంచింది. తర్వాత, "ముందు ఈయన్ని ఇటు తిప్పండి" అంది. తిప్పాం. కండక్టర్ ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు. ఆవిడ ఆ కాగితం తెప్పించి, చేత్తో తడుముకుంటూ అడుగున ఇంకో గడి గీసింది. "పుండు లేకుండా పోయినవారు అని రాయి" అంది కొడుకుతో. వాడు రుసరుసలాడుతూనే రాశాడు.

"ఈ గడి నింపి పంపండి, ఎప్పట్లాగే ఇస్తాం. చెప్పమ్మా, ఎంతమంది?"

అక్క వేళ్ళు మడవడం మొదలుపెట్టింది. దర్జీ తాత, పోస్టుమాస్టరుగారి తల్లి, వంతెన దగ్గరి మూగాయన, కవల పిల్లల అమ్మ... రెండు చేతుల వేళ్ళూ అయిపోయాయి. మళ్ళీ మొదటి వేలు పట్టుకుని, అక్కడే నేలమీద కూలబడి ఏడ్చేసింది.