తుడిచే పని మిగిలింది

మా మేనకోడలు పోయిందన్న కబురు నరసరావుపేట ఆసుపత్రి నుంచి వచ్చేసరికి నేను మిరప కళ్లంలో తాలుకాయలు ఏరుతున్నాను. ఏరడం ఆపలేదు. ఆపితే నమ్మినట్టవుతుందని భయం.

నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మా వీధి టీచరమ్మ రాస్తోంది. చదివేవాళ్లలో మా పిల్ల పని అందుకునేవాళ్లు ఉంటారనే చెబుతున్నాను.

గురజాలలో మా ఇంటి పై గదిలో కూర్చుని మేనకోడలు ఒక లైబ్రరీ కట్టేది. పుస్తకాలది కాదు, ప్రోగ్రాములు రాసేవాళ్లు తెచ్చి వాడుకునే కోడుది. బ్రౌజరు ఎక్కడో దూరాన సర్వరులో నడుస్తుంటే, మనం ఇక్కడి నుంచి ఫోనులో దాన్ని వాడుకునే ఏర్పాటు. "ఎవరు ఏ ఫ్రేమ్‌వర్కులో పనిచేసినా నాది తగిలించుకోగలగాలత్తా" అనేది. ఫ్రేమ్‌వర్కంటే ప్రోగ్రాము కట్టేవాళ్లు ముందుగా వేసుకునే చట్రమంట.

"మన ఆయిలింజను ఏ బావి కాడన్నా దించుకోమూ, అట్టాగా?"

"నువ్వు మా ఆఫీసులో ఉండాల్సిందానివి!"

పక్కన పెట్టిన మజ్జిగ మధ్యాహ్నానికి పులిసేది, తాగడం గుర్తుండేది కాదు. "వేలు పెట్టత్తా" అని ఫోను నా చేతికిచ్చేది. నేను ఎక్కడ తడబడితే అక్కడ సరిచేసేది.

నా తప్పొకటి ఆ పనిలో చేరింది. అరెకరం ఆమె పేరున రాద్దామని నెట్ సెంటరులో దరఖాస్తు నింపించి వచ్చాను. నా తర్వాత కూర్చున్నాయనకు నా కాగితమంతా తెర మీద అలాగే కనబడిందట. సాయంత్రానికి మా మరిది గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏందొదినా, పొలం పుట్టింటోళ్లకి రాస్తన్నావంట?"

ఆ తర్వాత ఆయన మా గడప తొక్కలేదు.

"మూసేసి రాలేదా అత్తా?" అంది మేనకోడలు.

"కుర్చీలోంచి లేస్తే అయిపోయినట్టే గదే!"

ఆమె నవ్వలేదు. "తప్పు నీది గాదు, కట్టినోళ్లది. మనిషి లేచి వెళ్లాక ఆ మనిషిది ఒక్క ముక్క కూడా అక్కడ మిగలకూడదు" అంది. ఆ రోజు నుంచి ఆ తుడిచే భాగం మీదే కూర్చుంది. జ్వరంలోనూ అదే.

పదకొండో రోజున, ఆమెతో కలిసి పనిచేసినాయన నకరికల్లు నుంచి వచ్చాడు.

"అంతా అయిందమ్మా. తుడిచేది ఒక్కటే చానా చిక్కుగా ఉంది. మనిషి వెళ్లిపోయినట్టు ఒక్కో ఫ్రేమ్‌వర్కు ఒక్కో రకంగా చెబుద్ది. ఇప్పటికి అది లేకుండానే బయటికి వదులుదామని..."

"అట్టా వదిలితే దాని మీద మా పిల్ల పేరు పెట్టమాక."

"పెట్టకపోతే ఎట్టా? కట్టింది ఆమేగా."

"అయితే ఆమె కట్టినట్టు కట్టు."

ఎంత బాగా నడుస్తోందో చూడమని ఆయన ల్యాప్‌టాప్ తెరిచాడు. తెర మీద ఒక గడి, అందులో నాలుగు అక్షరాలు.

"ఏంది నాయనా అది?"

"ఆమె పేరమ్మా. ఆసుపత్రికెళ్లే ముందు ఆ దూరపు బ్రౌజరులో కొట్టింది. తుడిచేది లేదుగా, అట్టే ఉండిపోయింది."

ఆమె పేరు రాస్తే ఎలా ఉంటుందో నేను అంతకుముందు చూడలేదు. ఆ అక్షరాల మీద వేలితో ఒకసారి నడిచాను.

"తుడవడం దీంతోనే మొదలుపెట్టు" అన్నాను.

ఆయన మీటల మీద చేతులు పెట్టి కూర్చున్నాడు. పేరు పక్కన సన్నటి గీత ఒకటి వెలుగుతూ ఆరుతూ ఉంది, తర్వాతి అక్షరం కోసం ఎదురుచూస్తున్నట్టు.