కంటి కింద గాడి

వీధిలో అందరూ ఆమెను కెమెరా పిల్ల అనేవారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు బడి చదువుతోనే సరి. మేనమామ వాడి వాడి పక్కన పడేసిన కెమెరా ఒకటి చేతికిచ్చిన రోజు నుంచి ఆ పిల్లకి తిండి ధ్యాస లేదు, నిద్ర ధ్యాస లేదు. ఇస్త్రీ బల్ల మీద మడత పెట్టిన చొక్కాలు, బస్సు కిటికీకి తల ఆనించి కునికే మనుషులు, మెట్ల మీద కూర్చుని ఒకరి జడ ఒకరు అల్లుకునే అక్కచెల్లెళ్ళు, కంటికి ఏది నచ్చితే అది తీసేది. తీయించుకున్న ప్రతివాళ్ళకీ "రేపు కాపీ తెచ్చిస్తా" అని మాటిచ్చేది. ఆ రేపు ఎవరికీ రాలేదు. మోసబుద్ధి కాదు పాపం. తీసేసిన బొమ్మతో ఆమెకు పని తీరిపోయేది, మనసు అప్పటికే ఇంకోదాని వెంట పరిగెత్తేది.

తండ్రి బస్సు డ్రైవరు. రోడ్డు తప్ప మరోవైపు చూడటం ఆయనకి అలవాటు లేదు. "కోటి విద్యలూ కూటి కొరకే అంటారు. నీ విద్య వల్ల ఉన్న కూడు కూడా చల్లారిపోతోంది తల్లీ" అనేవాడు, మూత పెట్టిన కంచం చూపించి. మార్కెట్టు వెనక ఫొటో స్టూడియోలో పని నేర్చుకుంటానని ఆమె అన్నప్పుడు, "పిచ్చి ముదిరింది, రోకలి తలకి చుట్టమన్నాడట" అని నవ్వాడు. అయినా వద్దనలేదు.

"వానలు వెనకబట్టేదాకా చూస్తా. ఈలోగా స్టూడియో ఆయన నిన్ను పూర్తిగా పనిలో పెట్టుకున్నాడా, సరే. లేదంటే డిపోలో టికెట్ల కౌంటరు ఖాళీగా ఉంది. మాట్లాడి పెట్టాను" అన్నాడు.

ఆ పిల్లకి కౌంటరు మీద కోపం లేదు. కానీ ఆ చిన్న కిటికీలోంచి రోజుకి వెయ్యి ముఖాలు కనిపిస్తుంటే, వాటిలో ఒక్కటీ తియ్యకుండా కూర్చోవడం ఎలాగో ఆమెకు అర్థం కాలేదు.

స్టూడియో ఆయన్ని నవ్వండి మాస్టారు అనేవారు. రోజంతా జనాన్ని నవ్వమనే ఆయన, తాను నవ్వగా చూసినవాళ్ళు లేరు. ముందు గదిలో అద్దాల బల్ల, వెనక గదిలో తెర, స్టూలు, రెండు గదులకీ మధ్య సందులో కంప్యూటరు. మాస్టారికి ఒకటే సూత్రం. మచ్చ ఉండకూడదు, ముడత ఉండకూడదు, కళ్ళ కింద నలుపు అసలే ఉండకూడదు. "ముఖం కడిగిన పళ్ళెంలా ఉండాలి పిల్లా. దేవుడు చేసిన తప్పులు దిద్దడానికే మనకి కంప్యూటరిచ్చాడు" అనేవాడు. ఆ దిద్దడం ఆమెకు ఇట్టే పట్టుబడింది. కొన్నాళ్ళకి ఎవరి ముఖం చూసినా ముందు తీసెయ్యాల్సినవే కనపడటం మొదలైంది.

వానలు తగ్గుముఖం పట్టాక ఒక పెద్దావిడ వచ్చింది. చేతిలో గొడుగు, నుదుటి మీద చెమట.

"మార్కెట్టు మెట్ల కింద గడియారాలు బాగుచేసే ఆయన భార్యనమ్మా. మా ఆయన్ని నువ్వొకసారి ఫొటో తీశావట కదా?"

పిల్లకి వెంటనే గుర్తొచ్చింది. బల్ల నిండా విప్పిన గడియారాలు. కంటికి బిగించుకున్న చిన్న భూతద్దం తీసి, తలెత్తి, వెలుతురుకి కళ్ళు చికిలించి చూసిన తాత. ఆమె అప్పటిదాకా తీసినవాటిలో అంత మంచిది లేదు. "రేపు తెచ్చిస్తా తాతా" అనే అంది.

"పోయిన నెలలో పోయారు. ఆయనది వేరే ఫొటో ఏదీ లేదు తల్లీ. నువ్వు తెచ్చిస్తావని గోడకి మేకు కూడా కొట్టి ఉంచారు."

ఆ మాటకి పిల్ల తలెత్తలేకపోయింది. ఇన్నాళ్ళూ తన సరదా ఎవరి గోడ మీద ఖాళీ మేకుగా మిగిలిందో ఆమెకు అప్పుడు తెలిసింది. ఎంత బాగా చేసిస్తే ఆ బాకీ తీరుతుందా అని ఆ మధ్యాహ్నమంతా కంప్యూటరు ముందు నుంచి లేవలేదు. వచ్చిన విద్యంతా తాత ముఖం మీద ధారపోసింది. మాస్టారు వెనక నిలబడి చూసి, "పెళ్ళికొడుకులా ఉన్నాడు. ఇది ఆవిడకి నచ్చితే రేపట్నుంచి నువ్వు నా మనిషివే" అన్నాడు. పిల్ల గాల్లో తేలుతూ ఇంటికి పోయింది.

మర్నాడు పెద్దావిడ ఫొటోని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది.

"మా ఆయనే. కాదనను. కానీ ఈ ముఖం నేనెరగను."

"ఏమైంది బామ్మగారూ?"

"ఇక్కడ గాడి ఉండేది కదమ్మా" అంటూ కుడికన్ను కింద వేలు పెట్టింది. "ఆ భూతద్దం బిగించి బిగించి పడిపోయింది. పని నుంచి రాగానే నేను బొటనవేలితో రాసేదాన్ని. పోతేగా? నలభయ్యేళ్ళు రాశాను."

"పాతది అలాగే ఉంటుంది, ఒక్క నిమిషం" అని పిల్ల సందులోకి పరిగెత్తింది. పాతది లేదు. దిద్దినదాన్ని దాని మీదే భద్రపరిచింది. కెమెరాలో వెతికితే అక్కడ బడిపిల్లల గ్రూపు ఫొటోలున్నాయి. వాటికి చోటు కోసం అందులోవన్నీ ఎప్పుడో స్టూడియో కంప్యూటర్లోకి ఎక్కించి తుడిచేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ మీటా ఈ మీటా నొక్కుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ మనిషి ముఖం లోకంలో ఒక్కచోటే ఉంది, దాన్ని తన చేత్తోనే చెరిపేసింది.

మాస్టారు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "వెలుతురు పడి గాడి కనపడలేదని చెప్పెయ్. ఆవిడకేం తెలుస్తుంది?"

ఆ అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే పని నిలుస్తుంది. పిల్ల ముందు గదిలోకి వెళ్ళి, "నేనే తీసేశాను బామ్మగారూ. అందంగా ఉంటుందనుకున్నాను. పాతది ఇక దొరకదు" అంది. అనేసి ఏడ్చేసింది.

పెద్దావిడ ఫొటోని బల్ల మీద పెట్టింది. గొడుగు గోడకి ఆనించింది. "తీసెయ్యడం వచ్చుగా నీకు. పెట్టడం రాదా?" అని అడిగింది. "ఎక్కడెక్కడ ఏముండేదో నేను చెబుతా. పద."

ఇద్దరూ ఆ ఇరుకు సందులో కూర్చున్నారు. పిల్ల గీస్తుంటే పెద్దావిడ వేలు కంప్యూటరు తెర మీద నడిచింది. ఇంకాస్త ముక్కు వైపు. అంత లోతు కాదు, మనిషిని బాధపెట్టకు. చెంప మీద పులిపిరేదీ, దాన్నీ మింగేశావా? కనుబొమ్మ ఆ పక్క కాస్త పలచన. మాస్టారు వాకిట్లో నిలబడి, వచ్చిన బేరాన్ని "తర్వాత రండి" అని పంపేశాడు. ఆయన అలా అనడం అంతకుముందు ఎవరూ వినలేదు.

గాడి చివర ఒక చిన్న నీడ వేసి పిల్ల చెయ్యి ఆపింది. పెద్దావిడ ముందుకి వంగింది. ఆవిడ బొటనవేలు దానంతటదే తెర మీద ఆ కన్ను కిందికి వెళ్ళి, మెల్లగా రాసింది.

"ఇదిగో," అంది. "ఇప్పుడొచ్చారు."

కొత్త ఫొటో పట్టుకుని ఆవిడ వెళ్ళాక మాస్టారు చాలాసేపు అద్దాల బల్ల తుడిచాడు. "తియ్యడం సరదా. ఇవ్వడం పని" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు. తర్వాత తాళంచెవి బల్ల మీద పెట్టాడు. "రేపు స్టూడియో నువ్వే తియ్యి. నేను నిదానంగా వస్తా."

సాయంత్రం తండ్రి చెప్పులు విప్పుతూనే అడిగాడు. "డిపోవాళ్ళు రేపు చెప్పమన్నారు. ఏం చెప్పను?"

"వద్దని చెప్పు నాన్నా. మాస్టారు తాళంచెవి ఇచ్చారు." ఆమె తువ్వాలు తెచ్చి అందించింది. "కానీ రోజూ కాస్త ఆలస్యంగా వస్తాను. కాపీలు ఇవ్వాల్సినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళవన్నీ స్టూడియో కంప్యూటర్లో భద్రంగానే ఉన్నాయి."

తండ్రి తలూపాడు. కాళ్ళు కడుక్కున్నాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ, కూతురి వైపు చూడకుండా అన్నాడు.

"అయితే నాది కూడా ఇస్తావా? స్టీరింగు ముందు కూర్చోబెట్టి తీశావు, రేపిస్తానన్నావు. అడిగితే బాగుండదని ఊరుకున్నా."