పని వద్దనే మేస్త్రి

మా బావ టైల్స్ మేస్త్రి. ఆయనంత తీరుగా నేల పరిచేవాడు చుట్టుపక్కల లేడని పోటీ మేస్త్రులే ఒప్పుకుంటారు. అయినా మాకు పని ఉండేది కాదు. కారణం బావ నోరు. వెతుక్కుంటూ వచ్చిన పనిని గుమ్మంలోంచే వెనక్కి పంపే విద్య ఆయనకి పుట్టుకతో అబ్బింది.

టైల్స్ మార్చాలని ఎవరైనా పిలిస్తే మిగతా మేస్త్రులు ముందు టేపు తీస్తారు. మా బావ సుత్తి తీసి, తిరగేసి పట్టుకుని, చెక్క పిడితో నేలంతా టకటకా తట్టుకుంటూ పోతాడు. కింద సిమెంటు వదిలేసిన టైలు డొల్లగా మోగుతుంది. ఒక్కటీ అలా మోగకపోతే బావ లేచి చేతులు దులుపుకుని, "బ్రహ్మాండంగా ఉంది. మార్చడం ఎందుకండీ?" అంటాడు. అంతటితో ఆ రోజు మా పని ముగిసినట్టే.

ఒకాయన తన తోడల్లుడి హాల్లో పెద్ద పెద్ద టైల్స్ వేశారని, తన హాల్లో అంతకంటే పెద్దవి వేయమన్నాడు. "మీరు వేయించాక ఆయన ఇంకా పెద్దవి వేయిస్తేనో?" అని అడిగాడు బావ. ఆ పెద్దమనిషి కాసేపు ఆలోచించి, మాకు టీ ఇచ్చి పంపేశాడు. ఇంకో షాపాయన ప్రహరీగోడకి బయటివైపు టైల్స్ కావాలంటే, "గోడేమన్నా స్నానం చేస్తుందా సార్?" అన్నాడు. ఆయన టీ కూడా ఇవ్వలేదు.

పని నేర్పింది ఆయనే కాబట్టి బావమరిదినైనా నేను గట్టిగా తిట్టలేకపోయేవాణ్ణి. ఆ పని మా అక్క చూసుకునేది.

"అందరూ కస్టమర్లకి దండం పెడతారు, మీరు బుద్ధులు చెప్తారు."

బావ కంచంలోకి చూస్తూ, "బాగున్న నేలని పగలగొట్టడానికి చెయ్యెలా వస్తుందే?" అనేవాడు.

"చెయ్యి సంగతి తర్వాత. ముందు ఆ నోరు రాకుండా చూసుకోండి."

నిజం చెప్పొద్దూ, బావ మాట నాకూ నచ్చేది. కానీ నచ్చిన మాటతో పొయ్యి వెలగదు. నాకూ పెళ్ళాం, పిల్లలు ఉన్నారు. సరిగ్గా అప్పుడే అపార్ట్‌మెంట్లు కట్టే కాంట్రాక్టరొకడు తన దగ్గర చేరమన్నాడు. ఏడాది పొడవునా చేతినిండా పని. "నువ్వొక్కడివే రా. మీ బావ వస్తే నా బిల్డింగే ఎందుకంటాడు," అన్నాడు. బావకి మోకాళ్ళ నొప్పులు. బరువులు ఎత్తేదీ, సిమెంటు కలిపేదీ నేనే. నేను వెళ్ళిపోతే ఆయన సుత్తి మూలన పెట్టాల్సిందే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

అప్పుడే ఒకావిడ వంటింటి నేల మార్చాలని కబురు చేసింది. దారిలో సైకిలు ఆపి బావతో తేల్చి చెప్పాను.

"బావా, ఈ ఒక్క పనిలో నోరు మూసుకో. మళ్ళీ 'ఎందుకండీ' అన్నావా, రేపట్నుంచి నీ దారి నీది, నా దారి నాది."

తిడతాడనుకున్నాను. "సరేరా," అన్నాడు, అంతే. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

ఆవిడ కుట్టుపని నేర్పే టీచరు, ఒక్కతే ఉంటుంది. ముందుగది నిండా మిషన్లు, గుడ్డముక్కలు. వెనక వంటింట్లో నల్లబండల నేల. బావ మోకాళ్ళ మీద కూర్చుని తట్టడం మొదలుపెట్టాడు. నేను బండలు చూడలేదు, ఆయన మొహమే చూస్తున్నాను. తట్టేకొద్దీ కళ్ళు పెద్దవవుతున్నాయి. పాతకాలపు మేస్త్రి ఎవడో గానీ ప్రాణం పెట్టి పరిచాడు. దాదాపు ఎక్కడా డొల్ల లేదు. బావ నోట్లో మామూలుగా నువ్వుగింజ నానదు. ఇప్పుడు చెవి మీదున్న పెన్సిల్ తీసి పళ్ళ మధ్య పెట్టుకుని కరకరా నమలసాగాడు.

"ఇవాళే మొదలుపెడతారా మేస్త్రీ?" అని ఆవిడ అడిగింది.

"ఊఁ."

"కొత్తవి లేత పసుపు రంగువి. వరండాలో పెట్టించాను, చూశారా?"

"ఊఁ."

ఆవిడ నా వైపు తిరిగింది. "ఆయనకి మాటలు రావా?"

"పంటినొప్పండీ," అన్నాను.

పొయ్యీ, గిన్నెల స్టాండూ ముందుగదిలోకి మార్చాను. బావ బండల సందులో ఉలి పెట్టి సుత్తి ఎత్తాడు. ఎత్తిన సుత్తి గాల్లోనే ఆగింది. దించాడు. మళ్ళీ ఎత్తాడు. పెన్సిల్ నోట్లోంచి తీసి పక్కన పెట్టాడు.

"అమ్మగారూ, ఎందుకండీ?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక్క పూట, ఒక్క పూట నోరు కట్టుకోలేడా ఈ మనిషి? నా సంచీ లాక్కుని సామాను సర్దుకోవడం మొదలుపెట్టాను. బావ నా వైపు తిరగలేదు గానీ, చెవులు ఎర్రబడ్డాయి.

"ఈ మాటంటే వీడు వెళ్ళిపోతానన్నాడమ్మా. వెళ్తాడు కూడా. అయినా అడక్కుండా ఉండలేకపోయాను. ఇంత మంచి నేల నేను కూడా పరచలేను. దీనికేం లోటు?"

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. కొందరు నవ్వేవారు, కొందరు మొహం మాడ్చుకునేవారు. ఈవిడ మాత్రం గుమ్మంలో చతికిలబడింది.

"నేలకేం లోటు లేదు. మా అత్తగారు ఏరి కోరి తెప్పించింది. నల్లబండ మీద చుక్క నీళ్ళు పడినా మరక తెలుస్తుంది కదా. ఆవిడ ఇదిగో, ఈ గుమ్మంలోనే కుర్చీ వేసుకుని కూర్చునేది. నేను గిన్నె దించగానే వంగి కింద చూసేది. ఒక్క మాట అనేది కాదు. చూసేది, అంతే. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. నేనింకా గిన్నె దించి కిందకి చూసుకుంటున్నాను మేస్త్రీ. మొన్న పాలు ఒలికాయి. ఇంట్లో నేను తప్ప పురుగు లేదు. చేతికందిన గుడ్డతో గబగబా తుడిచేసి, గుమ్మం వైపు చూశాను."

బావ నేల వైపు చూశాడు, గుమ్మం వైపు చూశాడు. నా సంచీ జిప్పు సగంలో ఆగింది.

"అయితే పగలకుండా తీసి పెడతానమ్మా. ఎవరికైనా పనికొస్తాయి," అన్నాడు చివరికి.

"వద్దు. పగలాలి. ఆ చప్పుడు నేను వినాలి."

బావ ఆవిడ మొహంలోకి తేరిపార చూశాడు. తర్వాత తన కళ్ళద్దాలు తీసి చొక్కాకి తుడిచి, రాతిముక్కలు కంట్లో పడకుండా పెట్టుకోమని ఆవిడకిచ్చాడు. "అలాగైతే మొదటి దెబ్బ మీదే," అని సుత్తి కూడా అందించాడు.

ఆవిడ రెండు చేతులతో సుత్తి ఎత్తి వంటింటి నడిమధ్యన కొట్టింది. బండ చెక్కుచెదరలేదు. మళ్ళీ కొట్టింది. సుత్తి ఎగిరి వెనక్కొచ్చింది గానీ బండకి గీతైనా పడలేదు. మూడోసారికి ఆయాసపడుతూ, "చూశారా, ఇది కూడా నా మాట వినదు," అంది. నవ్వుతూనే అంది. కళ్ళద్దాల వెనక కళ్ళు మాత్రం నిండిపోయాయి.

బావ పాక్కుంటూ సింకు కింద మూలకి వెళ్ళాడు. వేలి కణుపులతో ఒక బండని తట్టి, చెవి ఒగ్గి విని, తల ఊపాడు. బాగున్న నేలని కాపాడడానికి ఊరందరితో తగువు పెట్టుకున్న మనిషి, ఆవిడ కోసం ఆ మూల కొంచెం పక్కకి జరిగి చోటిచ్చాడు.

"నడిమధ్యన కొడితే జన్మలో పగలదమ్మా. ఇటు రండి. ఇది డొల్ల. ఇక్కడ కొట్టండి."

ఆవిడ వంగి కూర్చుని కొట్టింది. బండ ఫెళ్ళున నాలుగు ముక్కలైంది. ఆవిడ మొహం నిండా దుమ్ము. "ఇంకోటి చూపించండి మేస్త్రీ," అంది. సుత్తి వదిలేలా లేదు.

బావ పక్క బండ అంచున ఉలి ఆనించి, ఇటు తిరక్కుండానే చెయ్యి వెనక్కి చాచాడు. నేనింకా అక్కడే ఉన్నానో లేదో ఆయనకి తెలియదు. సంచీలోంచి రెండో సుత్తి తీసి ఆ చేతిలో పెట్టాను.