మూత తీసిన ఫ్లాస్కు

తెల్లవారి నమాజు అయిన కాసేపటికి మసీదు మైకులో ఒక పేరు వినిపించింది. ముందు ఉర్దూలో ఇంతెకాల్ అన్నారు, తరువాత తెలుగులో చనిపోయారన్నారు. మధ్యాహ్నం నమాజు తరువాత జనాజా, అంతిమయాత్ర అని చెప్పారు. ఆ పేరు ఎవరిదో నాకు వెంటనే తెలియలేదు. పొయ్యి ముందు కూర్చున్న మా అమ్మ గరిట పక్కన పెట్టి, "మీ సారేనే" అన్నది.

సరిహద్దులో ఉన్న మా సిరోంచలో ఆయనను పేరుతో పిలిచేవాళ్ళు చాలా తక్కువ. మా కాన్వెంటులో చదివిన అందరికీ ఆయన సైన్సు సారు. మా ఇంటికి గోడ అవతలి ఇల్లే అయినా నేను కూడా సారు అనే పిలిచేదాన్ని. ఆయన భార్యను మాత్రం పిన్ని అన్నట్టు ఖాలా అంటాను. సారును నదికి అటు పక్కనున్న ఆసుపత్రికి తీసుకుపోయి అప్పటికి వారం దాటింది. ఊపిరితిత్తులు పనిచేయడం మానేశాయి.

ఊపిరి పాఠం చెప్పిన మనిషి ఊపిరి అందకనే పోయిండని ఆ రోజు వీధిలో చాలామంది అన్నారు, ఏదో వింత చెప్పినట్టు. సారు ఉంటే అందులో వింతేమీ లేదనేవారు.

మా పుస్తకం ఇంగ్లీషులో ఉండేది. హాజరు హిందీలో, నోటీసు బోర్డు మరాఠీలో. సారు మాత్రం తెలుగులో చెప్పేవారు. తరగతిలోకి రాగానే మొదటి మాట ఎప్పుడూ ఒకటే. "కిటికీలు తెరవండ్రి. గింతమందిమి కాలుతున్నం లోపల." మొదటిసారి విన్నప్పుడు ఎక్కడో నిప్పు అంటుకుందని భయపడ్డాను. మనం తిన్న అన్నం ఒంట్లోని ప్రతి కణంలో మెల్లగా కాలుతుందని, ఆ కాలడానికే గాలి కావాలని, ఆ కాలడం నుంచే నడవడానికి, రాయడానికి, గుండె కొట్టుకోవడానికి బలం వస్తుందని తరువాత చెప్పారు. "పొయ్యిల కట్టె భగ్గుమంటది. గిది గట్ల కాదు. మంట లేదు, పొగ లేదు. ముక్కు ఉత్త దర్వాజ. అసలు పని లోపల." తిన్నదంతా బలం కాదని, గాలి తగిలిన తిండే బలమని ఆయన ఎన్నిసార్లు అన్నారో.

మా స్కూల్లో ప్రయోగాల గది ఉంది కానీ దానికి ఎప్పుడూ తాళమే. సారు ప్రయోగాలకు సామాను ఖాలా వంటింటి నుంచి వచ్చేది. మేము గొట్టంతో ఊదితే పాలలా మారిన సున్నపు తేట ఖాలా తమలపాకుల డబ్బా, పాన్‌దాన్ లోది. మొలకెత్తే గింజల వేడి చూపించిన ఫ్లాస్కు, రోజూ ఆమె సారుకు ఛాయ్ పోసి పంపే ఫ్లాస్కు. నానిన పెసలు అందులో పోసి, థర్మామీటరు గుచ్చి, మూతికి దూది పెట్టేవారు. దూదిలోంచి గాలి పోతుంది, వేడి పోదు.

నేను తరగతిలో నోరు తెరిచేదాన్ని కాదు. సారు నన్ను ఎన్నడూ లేపి ప్రశ్న అడగలేదు. ఫ్లాస్కు నా బల్ల మీద పెట్టి, "నువ్వు మాట్లాడకు. చూసి బోర్డు మీద రాయి" అన్నారు. రోజూ పొద్దున వేడి ఎంతుందో చూసి రాసేదాన్ని. అంకె పెరుగుతూ పోయింది. నిప్పు లేదు, ఎండ లేదు, చేతిలో పట్టేన్ని పెసలు తమంతట తామే వేడెక్కుతున్నాయి. నేను రాసిన అంకె కోసం తరగతి మొత్తం ఎదురుచూడడం నాకు అదే మొదలు.

మరుసటి వారం ఉడికించి చల్లార్చిన పెసలు పోశారు. అంకె కదలలేదు. "ఉడికిన గింజల గూడ తిండి ఉన్నది. మనం తింటం కదా. మరి వేడెందుకు రాలే?" అని అడిగి, జవాబు మేమే చెప్పాలని బయటికి చూస్తూ నిలబడ్డారు.

ఈ ప్రయోగాల వల్ల వాళ్ళింట్లో పంచాయితీ అయ్యేది. గోడ మీంచి వినిపించేది.

"ఛాయ్ ల పెసర్ల వాసనొస్తుంది. కడిగి కడిగి చేతులు పోయినయ్."

"జర ఇలాచి వెయ్యి, పోతది."

"ఇలాచి వేస్తే ఇలాచి పెసర్ల వాసనొస్తుంది!"

ఇప్పపూల కథ ఇప్పటికీ మా బ్యాచ్ వాళ్ళు చెప్పుకుంటారు. అడవిలోని జింగనూర్ నుంచి వచ్చి హాస్టల్లో ఉండే అమ్మాయి చేత సారు ఎండిన ఇప్పపూలు తెప్పించారు. కుండలో నీళ్ళు పోసి పూలు నానేసి, మూత పెట్టి, చుట్టూ పిండి పూశారు. గాలి లేని చోట ఏమవుతుందో చూద్దామన్నారు. కొన్ని రోజులకు తరగతిలో పుల్లటి, మత్తు వాసన పట్టింది. మాది సారా నిషేధం ఉన్న జిల్లా. ప్యూను ముక్కు ఎగబీలుస్తూ గది చుట్టూ తిరిగాడు. వెనక బెంచీ నుంచి ఎవరో, "సార్, మీ ఇంట్ల ఎవ్వరు తాగరు, మరి గిది ఎవరికి సార్?" అన్నారు. తరగతంతా నవ్విన చప్పుడుకు హెడ్మిస్ట్రెస్ సిస్టర్ వచ్చి తలుపు దగ్గర ఆగారు.

"సార్, స్కూల్ మే దారూ?"

"నేను చేయలే సిస్టర్. గాలి అందని జీవులు చేసినయ్" అన్నారు సారు, ఏమాత్రం నవ్వకుండా.

కుండ పారబోయించారు. కానీ పాఠం ఆగలేదు. పూల మీద కంటికి కనిపించని జీవులుంటాయి, వాటికి గాలి దొరకకపోయినా పూలలోని తీపి నుంచి కొంచెం బలం తీసుకుంటాయి అని చెప్పారు. "శానా కొంచెం. మిగిలిందంతా సారాయిల ఉండిపోతది. అందుకే దానికి నిప్పు పెడితే కాలుతది. గాలి లేకుండ గూడ బతుకుడు ఉంటది. కానీ అది సగం బతుకు గూడ కాదు."

సారు పొగ తాగిన మనిషి కాదు. వాళ్ళ నాన్నది దూది ఏకి పరుపులు కుట్టే దుకాణం. ఆ దూది మధ్యలోనే కూర్చుని ఆయన చదువుకున్నారు. ఉద్యోగం వచ్చాక కూడా సెలవుల్లో తండ్రి పక్కన కూర్చుని దూది ఏకేవారు. ఊపిరితిత్తులు చెడడానికి అన్నేళ్ళు పీల్చిన నుసే కారణమై ఉండొచ్చని డాక్టరు అన్నాడట. "నన్ను చదివించింది గూడ గా దూదే. దాన్నేమంటం?" అన్నారు సారు. ఆ తరువాత వాళ్ళింట్లో దూది కనిపించకుండా పోయింది. పరుపులు, దిండ్లు కూడా ఇచ్చేశారు.

నేను ఇప్పుడు అదే స్కూల్లో లైబ్రరీ చూసుకుంటాను. సాయంత్రం వస్తూ సారు దగ్గర కూర్చునేదాన్ని. మంచం పక్కన గాలిలోంచి ఆక్సిజన్ పట్టి ఇచ్చే మిషను ఎప్పుడూ గుర్రుమంటూ ఉండేది. "కరెంటు మీద నడిచే మాస్టర్ని అయిన" అనేవారు. కరెంటు పోతే ఆ చప్పుడు ఆగేది. ఖాలా వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి సిలిండర్ తిప్పేది. ఈదురుగాలులు మొదలయ్యాక అది రోజూ జరిగేది.

ఆ రోజుల్లోనే ఆయన మళ్ళీ ఫ్లాస్కు అడిగారు. పెసలు నానబెట్టి పోయమన్నారు. ఎందుకని ఖాలా అడిగితే, "ఇంట్ల నాకన్న మంచిగ ఊపిరి తీసేటోళ్ళు ఎవరన్న ఉండాలె" అన్నారు. మూతికి పెట్టడానికి ఇంట్లో దూది లేదు. వేడి పోకుండా మూత బిగించి, గాలి కోసం పొద్దున, సాయంత్రం తీయాల్సి వచ్చేది. ఆ మూత తిప్పే బలం ఆయన చేతుల్లో లేదు. పొద్దున బడికి పోతూ ఒకసారి, సాయంత్రం ఒకసారి నేనే తీసేదాన్ని. ఆయన లోపలికి వేలు పెట్టి చూసి, కళ్ళు మూసుకునేవారు. "గరమున్నయి." అంతే. మొలకలు పొడవైతే పారబోసి కొత్తవి పోసేదాన్ని.

ఖాలాకు ఒకటే పట్టుదల. తింటే బాగవుతడు. మాంసం ఉడికించిన నీళ్ళు, గుడ్డు, మెత్తటి ఖిచిడీ, రోజంతా ఏదో ఒకటి కలుపుతూనే ఉండేది. సారు ఒక చెంచా తిని, చాలాసేపు ఊపిరి తీసుకుని, ఇంకో చెంచాకు తల ఊపేవారు. మూడోది పక్కకు తోసేవారు. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకునేది. "నువ్వన్న చెప్పు బేటీ, జర తినమను. నా చేతి వంట సయిస్తలేదా మీ సారుకు?"

ఒక సాయంత్రం ఆమె లోపలికి పోయాక సారు నన్ను దగ్గరికి పిలిచారు. మాటకూ మాటకూ మధ్య ఆగుతూ చెప్పారు.

"ఊపిరి తీసుడు గూడ పనే కదా బేటా. ఆ పనికే నేను తిన్నదంతా అయితున్నది. తిందామంటే ఊపిరి అందదు. ఊపిరికేమో తిండి గావాలె. ఇగ మిగిలేదేంది?"

లెక్క నాకు అర్థమైంది. ఆయన నేర్పిన లెక్కే.

"మీ ఖాలాకు చెప్పు. ఆమె వంటల తక్కువ లేదని చెప్పు. నేను చెప్తే వినది."

బోర్డు మీద రాయమంటే రాసేదాన్ని. ఇది నోటితో చెప్పాలి. ఖాలా కొత్త గిన్నె పట్టుకుని వచ్చింది. ఆమె ముఖంలో ఇంకా ఆశ ఉంది. నేను చెప్పలేకపోయాను. "మళ్ళీ చెప్తా సార్" అన్నాను. ఆయన నవ్వారు, ఎప్పటిలాగే నన్ను బలవంతం చేయకుండా.

తరువాత రెండు రోజులకు తెల్లవారకముందే ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయారు. ఇంటికి తాళం పడింది.

పోయినవాళ్ళ ఇంట్లో మూడు రోజులు పొయ్యి వెలిగించరు. ఇరుగుపొరుగు వండి పంపుతారు. మూడో రోజు మా అమ్మ పప్పు, అన్నం టిఫిన్‌లో పెట్టి, "పో, ఇచ్చిరా. జర తినిపిచ్చి రా" అన్నది. ఖాలా ఖాళీ మంచం పక్కన కింద కూర్చుని ఉంది. మిషను వైరు చుట్టి గోడకు తగిలించారు. టిఫిన్ చూసి ఆమె మూత కూడా తీయలేదు.

"బేటీ, నువ్వు చదువుకున్నదానివి. నిజం చెప్పు. ఇంకో రెండు ముద్దలు తినిపిస్తే బతుకుతుండెనా మీ సారు?"

"లేదు ఖాలా" అన్నాను.

ఆమె నమ్మలేదు. తల అడ్డంగా ఊపుతూ మంచం కిందికి చేయి పెట్టి చీపురు లాగబోయింది. చేతికి ఫ్లాస్కు తగిలింది. నేను అందుకుని మూత తిప్పాను. ఆసుపత్రికి పోయిన రోజు నుంచి దాన్ని ఎవరూ తీయలేదు. పుల్లటి వాసన గుప్పున వచ్చింది, ఇప్పపూల కుండ వాసన. లోపల వేలు పెట్టాను. జిగట. పొట్టు చిట్లి కొద్దిగా బయటికి వచ్చిన మొలకలు గోధుమ రంగుకు తిరిగి ఒకదానికొకటి అతుక్కున్నాయి.

"ఏమైనయ్? నీళ్ళు తక్కువైనయా?" అన్నది ఖాలా.

"నీళ్ళున్నయి."

"మరి తిండి? గింజల తిండి గింజలనే ఉంటదని మీ సారు అంటుండె కదా."

"తిండి గూడ ఉన్నది ఖాలా. అట్లనే ఉన్నది. గాలి లేదు."

ఆమె ఫ్లాస్కు నా చేతిలోంచి తీసుకుంది. చాలాసేపు లోపలికి చూసింది. తరువాత ఒక్కటే అడిగింది. "తిండి ఉండంగనేనా?"

"తిండి ఉండంగనే."

ఆమె ఏడవలేదు. వాకిట్లోకి పోయి గింజలు పారబోసింది. కోళ్ళు వచ్చి వాసన చూసి వెళ్ళిపోయాయి. ఫ్లాస్కు కడిగి గోడ మీద బోర్లించింది.

ఆ తరువాత వాళ్ళ పొయ్యి మళ్ళీ వెలిగింది. ఒక్క మనిషికి ఛాయ్ ఫ్లాస్కు ఎందుకని ఆమె దాన్ని వాడడం లేదు. సాయంత్రం బడి నుంచి వస్తుంటే కనిపిస్తుంది, వంటింటి కిటికీలో, నోరు తెరుచుకుని. మూత పక్కనే ఉంటుంది. ఖాలా దాన్ని ఇప్పటిదాకా పెట్టలేదు.