విజిల్ వేస్తే ఆగని కుక్క

మా బిలాస్‌పూర్ రైల్వే కాలనీ తెలుగువాళ్ళు ఏ పెళ్లిలోనో కలిస్తే నా కుక్క ప్రస్తావన తప్పకుండా వస్తుంది. "పులి లాంటి కుక్కని లైన్లో పెట్టాడు, వీడు మామూలోడు కాడు" అని ఎవరో ఒకరు నా భుజం తడతారు. నేను నవ్వి ఊరుకుంటూ వచ్చాను. ఇప్పుడు నాకు నలభై దాటాయి, ఆ కుక్క పోయి చాలాకాలమైంది. దాన్ని దారికి తెచ్చింది నేను కాదు. మా వరస చివరి క్వార్టర్లో ఉండే ఒక డ్రైవరుగారి భార్య. ఆవిడది మా అమ్మ పుట్టింటివైపు ఊరే కాబట్టి ఆవిణ్ణి అక్కా అనీ, ఆయన్ని బావా అనీ పిలిచేవాణ్ణి. కుక్కని పాడుచేసింది మాత్రం నేనే.

ఎనభైల మొదట్లో నేను కొత్తగా రైలు గార్డునయ్యాను. క్వార్టర్లో అమ్మా నేనే. సిర్గిట్టిలో ఒక గోడౌన్ కాపలాదారు దగ్గర పిల్లగా ఉన్నప్పుడు తెచ్చుకున్నాను దాన్ని. ఏడాది తిరక్కుండానే గేటు మీద ముందుకాళ్ళు వేసి నిలబడితే నా భుజం దాకా వచ్చేంత పెరిగింది. గుమ్మానికి అడ్డంగా పడుకుని, మనమే దాటుకు వెళ్ళాలన్నట్టు ఒక కన్ను తెరిచి చూసేది. అమ్మ దాన్ని దొరగారు అనేది. "దొరగారు లెగలేదింకా, నువ్వే పక్కనుంచి ఎల్లు" అనేది నాతో.

కొత్త ఉద్యోగం, కొత్త యూనిఫాం, కొత్త విజిల్. ఆ విజిల్‌ని ఇంట్లో కూడా మెడలో వేసుకుని తిరిగేవాణ్ణి. పొద్దున్న కుక్క గొలుసు విప్పేటప్పుడు, ప్లాట్‌ఫాం మీద బండిని పంపించినట్టు విజిల్ ఊది, పచ్చ తువ్వాలు ఊపేవాణ్ణి. అది ఒక్క దూకుతో గేటు దాటి రోడ్డు మీదికి పోయేది. ఎదురింటి వరండాలో నిలబడ్డ పిల్లలు చప్పట్లు కొట్టేవారు. ఆ చప్పట్ల కోసం రోజూ అదే తంతు.

మా రోడ్డు పొద్దున్నపూట నడిచేవాళ్ళకి ఇష్టమైన రోడ్డు. రెండు పక్కలా చెట్లు, లారీల గొడవ లేదు. ఆసుపత్రి నర్సమ్మలు, ఆఫీసు గుమాస్తాలు, రిటైరైన పెద్దలు అందరూ అటే వచ్చేవారు. నా కుక్క వాళ్ళందరి మీదికీ పోయేది. నేను గేటు దగ్గర నిలబడి "ఏం చెయ్యదండీ, ఏం చెయ్యదు, కదలకుండా నిలబడండి చాలు" అని అరిచేవాణ్ణి. కుక్క ఉన్న ప్రతివాడూ అనే మాటే అది. ఎదుటివాడి చెప్పు ఊడిపోతున్నా, పాల గిన్నె ఒలికిపోతున్నా అదే మాట. పాలు పోసే ఛత్తీస్‌గఢీ ముసలాయన మా మలుపు దగ్గరే సైకిల్ దిగి, గంట కొట్టి, "ఏ బాబూ, కుకుర్ లా బాంధ్ గా!" అని కేకేసేవాడు. కుక్కని కడితే గానీ ఆయన పాలు వచ్చేవి కావు.

నేను దాన్ని ఆపడానికి ప్రయత్నించలేదని కాదు. గట్టిగా విజిల్ ఊదేవాణ్ణి. ఊదినకొద్దీ అది ఇంకా జోరుగా పోయేది. "మహా మొండిదండీ" అని జనంతో చెప్పేవాణ్ణి. ఆ చెప్పడంలో సిగ్గు కన్నా గొప్పే ఎక్కువ వినిపించేదేమో.

ఆ ఏడు వానల్లో బావ ఇంజను మెట్టు మీంచి జారి కింద పడ్డాడు. మోకాలి కింద ఎముక విరిగింది. చాలాకాలం కట్టుతో మంచం మీద ఉన్నాడు. కట్టు విప్పాక రైల్వే డాక్టరు, రోజూ నడవాలనీ, చలికాలం వెళ్ళేలోగా పరీక్షకి పిలుస్తాననీ చెప్పాడు. అందులో నెగ్గితే మళ్ళీ ఇంజను. లేకపోతే షెడ్డులో ఏదో చిన్న పని. ఇరవై ఏళ్ళప్పుడు బొగ్గు పారతో మొదలుపెట్టి డ్రైవరు సీటు దాకా వచ్చిన మనిషి ఆయన. "స్టూలేసి కూకోబెడతార్రా నన్ను. వచ్చే పోయే ఇంజన్లకి దణ్ణం పెట్టుకోడమే" అన్నాడు నాతో ఒకసారి, నవ్వుతూనే.

అప్పట్నుంచి ఆయన చేతికర్రతో, పక్కన అక్కతో, పొద్దున్నే నడక మొదలుపెట్టాడు. మొదట వాళ్ళ గేటు నుంచి పక్క గేటు దాకా. తర్వాత వరస సగం దాకా. ఒక రోజు మా ఇంటి దాకా వచ్చారు. నేను అప్పుడే డ్యూటీ దిగి వచ్చి కుక్కని విప్పాను. నాకు వాళ్ళు కనిపించేసరికే అది సగం దూరం పోయింది. నా బలమంతా పెట్టి విజిల్ ఊదాను. అది చెవులు వెనక్కి పెట్టి బాణంలా పోయింది. అక్క చటుక్కున బావ ముందుకొచ్చి నిలబడింది. కుక్క ఆవిణ్ణి చుట్టి వెనక నుంచి బావ మీదికి వెళ్ళింది. బావ కర్ర ఎత్తి, విరిగిన కాలి మీద గిర్రున తిరిగి, రోడ్డు మీద పడిపోయాడు.

అది కరవలేదు. నాకు అదొక్కటే కనిపించింది. పరుగెత్తుకుంటూ వెళ్ళి నేనన్న మొదటి మాట, "చూశారా, ఏం చెయ్యలేదు. బావ కర్ర ఎత్తకపోతే దగ్గరికే వచ్చేది కాదు."

అక్క నా మొహంలోకి చూసింది. "ముందు ఆ చెయ్యి పట్టుకో" అంది అంతే.

కాలికి కొత్తగా ఏమీ కాలేదన్నాడు డాక్టరు. కానీ బావ మాత్రం గుమ్మం దిగడం మానేశాడు. వరండాలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. అక్క నడుద్దాం రమ్మంటే "కుక్కలకి కూడా నేనంటే అలుసైపోనానే" అనేవాడు. పరీక్ష దగ్గరపడుతోంది. కాలనీలో నేను మాత్రం బావ కర్ర ఎత్తడం వల్లే అదంతా జరిగిందని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పుకున్నాను.

అక్క దెబ్బలాటకి వస్తుందని అమ్మ ఎదురుచూసింది. ఆవిడ రాలేదు. ఒక రోజు పొద్దున్న ఒక్కతే రోడ్డు మీదికి వచ్చింది. నేను కిటికీ లోంచి చూస్తున్నాను. కుక్క ఆవిడ మీదికి ఉరికింది. ఆవిడ ఆగి, పక్కకి తిరిగి, చేతులు రెండూ కొంగులో చుట్టుకుని, ఎదురింటి మునగచెట్టు కేసి చూస్తూ నిలబడింది. దాని వైపు చూడనేలేదు. అది మొరిగింది, చుట్టూ తిరిగింది, చీర అంచు వాసన చూసింది, తోచక వెనక్కి వచ్చేసింది. ఆవిడ వచ్చిన దారినే ఇంటికి పోయింది. ఆ తర్వాతి రోజూ అంతే. ఆ తర్వాతా అంతే. ధైర్యస్తురాలు అనుకున్నాను. చిన్నప్పుడు ఊళ్ళో కుక్క కరిచి బొడ్డు చుట్టూ ఇంజెక్షన్లు పొడిపించుకున్న మనిషనీ, అప్పట్నుంచీ కుక్క కనిపిస్తే పక్క వీధి తిరిగి వెళ్తుందనీ తర్వాత అమ్మ చెప్పింది. కొంగులో చేతులు చుట్టుకున్నది వణుకు కనబడకుండా ఉండడానికట.

ఒక మధ్యాహ్నం మా ఇంటికి వచ్చి గుమ్మం మెట్టు మీద కూర్చుంది. కుక్క గొలుసుతో ఉంది.

"ఒరే తమ్ముడూ, దీన్ని గొలుసిప్పి ఒగ్గినప్పుడు ఏటి సేస్తావు?"

"ఏముందక్కా, విజిల్ వేస్తాను, సరదాగా."

"మరి ఆగమన్నప్పుడు?"

"విజిలే."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నువ్వు గార్డువేటిరా? గార్డు విజిలేస్తే బండి బయల్దేర్తాది గానీ ఆగుతాదేటి? పాపం, అది నువ్వు సెప్పినట్టే సేస్తంది. నువ్వు ఊదినకొద్దీ, ఇంకా జోరుగా ఎల్లమంటన్నాడు గావాల అనుకుంటంది."

అమ్మ లోపల్నుంచి పకపకా నవ్వింది. "దొరగారికి డ్యూటీ తెలుసమ్మా. మావోడికే తెల్దు."

అలాంటిదేమీ కాదని నేను వాదించాను. వాళ్ళిద్దరూ నా మాట వినిపించుకోకుండా ఊళ్ళో చుట్టాల కబుర్లలో పడ్డారు. మర్నాడు ఎవరూ చూడకుండా, అది పెరట్లో నిద్రపోతుంటే చిన్నగా విజిల్ ఊదాను. దిగ్గున లేచి, తెరిచి ఉన్న గేటు లోంచి రోడ్డు మీదికి దూసుకుపోయింది. అక్కడ ఎవరూ లేరు. ఎవరిమీదికి పోవాలో తెలియక ఆగి, వెనక్కి తిరిగి నా వైపు చూసింది. ఆ కుక్కని చూసి నేను సిగ్గుపడింది అప్పుడే. కాలనీ నిండా డ్రైవర్లూ గార్డులూ పాయింట్స్‌మెన్లూ. పొద్దున్న లేస్తే అందరికీ విజిళ్ళ మధ్యే బతుకు. ఏ ఒక్కరికీ ఆ మాట తోచలేదు.

అక్క నన్ను విజిల్ ఇంట్లో పెట్టి తాళం వెయ్యమంది. గోల్ బజార్ నుంచి పొడుగాటి గొలుసు తెమ్మంది. రోజూ తెల్లారేక బావ స్నానానికి వెళ్ళగానే పెరటి దారిన వచ్చి, కుక్కని మా క్వార్టర్ల వెనక ఖాళీ జాగాలోకి తీసుకెళ్ళేది. కొంగు ముడిలో ఎండు చేప ముక్కలు. మొదటి రోజుల్లో అది ఆవిణ్ణి ఈడ్చుకుపోయింది. చెప్పు తెగింది, మోచెయ్యి గీరుకుపోయింది. పాల ముసలాయన సైకిల్ ఆపి చూసి, కుక్క అమ్మగారిని తిప్పుతోందా, అమ్మగారు కుక్కని తిప్పుతున్నారా అని హిందీలో అడిగి ఒకటే నవ్వు. ఆవిడ కూడా నవ్వింది. నేనైతే గొలుసు పారేసి వచ్చేసేవాణ్ణి.

ఆవిడ చేసిందల్లా ఒకటే. అది లాగితే ఆగిపోయేది. అరవడం, కొట్టడం, లాగడం ఏదీ లేదు. గొలుసు వదులయ్యేదాకా బస్సు కోసం ఎదురుచూసే మనిషిలా నిలబడేది. వదులవగానే మళ్ళీ నడక, నాలుకతో చిన్న చప్పుడు, ఒక చేప ముక్క. కొన్ని వారాలకి ఆవిడ ఆగితే అది ఆగడం, చప్పుడు చేస్తే దూరం నుంచి కూడా పరుగెత్తుకు రావడం చూశాను. గొలుసు తీసేసినా అంతే. అప్పుడు నా చేత ఆ చప్పుడు చేయించి నేర్పింది. నా నోట్లోంచి అది సరిగా రాకపోతే "గాలి పోతంది, పళ్ళు మూసుకో" అని విసుక్కునేది.

అప్పుడు బావని బయటికి తీసుకొచ్చింది. కుక్కతో నేను కూడా వస్తున్నానని తెలిసి ఆయన మెట్టు మీదే ఆగిపోయాడు.

"అదుంటే నేను రాను."

"అదుంటేనే రావాల. కుక్కకి బెదిరిపోతే రేపు ఇంజనేటి ఎక్కుతారు? ఈ తమ్ముడు పాపం రోజూ దానికి ట్రైనింగ్ ఇచ్చాడు. గార్డు మాట నమ్మరేటి మీరు?"

నేను నోరు తెరవబోయాను. ఆవిడ కళ్ళతోనే వద్దంది. పెళ్ళాం ఆపుతుందంటే ఆయన నమ్మడు, ఉద్యోగస్తుడు ఆపాడంటే నమ్ముతాడు. అది నాకు వెంటనే అర్థం కాలేదు.

నడిచాం. కుక్క ఆ చివర, బావ ఈ చివర, మధ్యలో అక్క. మొదటి రోజు ఆయన కళ్ళు రోడ్డు మీద లేవు, కుక్క మీదే ఉన్నాయి. రోజులు గడిచేకొద్దీ అక్క కొంచెం వెనకబడేది. ఒక పొద్దున్న చూస్తే కుక్క, బావ పక్కపక్కన నడుస్తున్నారు, ఆయన కర్ర చంకలో ఉంది. ఆ పక్కనే ఆవిడ ఏమీ ఎరగనట్టు ఎవరి ఇంటి ముందు బంతిపూలనో చూస్తూ వస్తోంది.

పరీక్ష రోజు నేను బండి మీద డ్యూటీలో ఉన్నాను. బండి దిగిన సిబ్బంది ఆగే రన్నింగ్ రూంలో అన్నానికి కూర్చున్నప్పుడు కబురొచ్చింది, బావ ఫిట్ అయ్యాడని. కొన్నాళ్ళకి ఆయనే అదే రన్నింగ్ రూంలో అందరి ముందూ నా వీపు చరిచి, "ఈ కుర్రోడు ఆ కుక్కని మార్చకపోతే నేను ఈపాటికి స్టూలు మీదుందును" అన్నాడు. చెప్పాల్సింది అప్పుడే. "అదేముంది బావా" అన్నాను. అక్కడ మొదలైంది నా పేరు.

బావ మొన్ననే రిటైరయ్యాడు. పోయిన నెల వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన పేపరు చదువుకుంటున్నాడు. అక్కతో మెల్లిగా, ఇన్నాళ్ళూ మీ గొప్ప నేను వాడుకున్నాను, ఆ రోజు బావ కర్ర ఎత్తడం వల్లే అదంతా జరిగిందని నింద కూడా వేశాను అన్నాను.

"అచ్ఛా, ఇప్పుడదంతా ఎందుకురా? ఆయన నడిసేరా నేదా?" అంది.

నేను ఊరుకోలేకపోయాను. "బావా, ఆ కుక్కని మార్చింది నేను కాదు. అక్క. నేను గొలుసు కొనితెచ్చానంతే."

ఆయన పేపరు దించాడు. నన్ను కాదు, ఆవిణ్ణి చూశాడు.

"నువ్వా? కుక్క కనబడితే పక్క వీధి తిరిగొచ్చీదానివి కదే."

"మరేటి సెయ్యమన్నారు? మీరు కూకుండిపోనారు."

ఆవిడ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళిపోయింది. ఆయన నన్ను గుచ్చి గుచ్చి అడిగాడు, ఎక్కడ తిప్పింది, ఎన్నాళ్ళు తిప్పింది, పడిందా, కరిచిందా అని. అన్నీ చెప్పాను. చెప్పు తెగిన సంగతి విని నవ్వాడు, మోచెయ్యి సంగతి విని నవ్వలేదు. ఆ రోజుల్లో మోచేతికి ఏమైందని అడిగితే గోడ గీరుకుందని చెప్పిందట. తర్వాత వంటింటి వైపు తిరిగి గట్టిగా కేకేశాడు.

"ఒసే, రోజూ పొద్దున్నే ఒక్కదానివీ నడకకి ఎల్తావు కదా. రేపట్నుంచి నన్నూ లేపు. నీతో నేనొస్తాను."

లోపల గిన్నె చప్పుడు ఆగింది. "లేపుతాను గానీ, లెగుస్తారేటి?" అంది అక్క.